పది బిందెల ప్రశ్న

పొద్దు 3

కోన వరస: 47 బిందెలు. అంచు వరస: 31. గాలి సముద్రం వైపు నుంచి. పాట: కోనలో ఉంది, అంచులో లేదు. రాసినవాడు: బోధకుడు ఆశీర్వాదం.

ఈ పుస్తకంలో గడులు ఇరుకు, నా నోరు వెడల్పు. అందుకని గడుల్లో పట్టనిది పక్క పేజీలో రాస్తున్నాను. చదివే ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. లేనివాళ్ళు బిందెలు లెక్కబెట్టుకుని వెళ్ళండి.

తెల్లారకముందే కోనపేట వాళ్ళం నలభైమంది వలల దగ్గర నిలబడ్డాం. చేతికొక కర్ర, నోట్లో కీర్తన. మంచు కొండెక్కి వచ్చి వలల్లోంచి దూరిపోతూ ఉంది. తాళానికి సరిగ్గా వల గుంజల మీద కర్రలు పడ్డాయి. మూడో చరణం దాటేసరికి వలల కింది దోనెల్లో నీళ్ళు పరుగెత్తాయి. ప్రతి పొద్దూ చూస్తున్నదే, అయినా ఒళ్ళు జలదరించింది.

తర్వాత బండ ఎక్కి బోధించాను. ఎడారిలో ఆ ముసలి నాయకుడికి దేవుడు ఏమని చెప్పాడు? నీళ్ళ కోసం బండతో మాట్లాడు అన్నాడు. ఆయన ఏం చేశాడు? కర్ర ఎత్తి కొట్టాడు! రెండుసార్లు కొట్టాడు! అందుకే కదా వాగ్దాన భూమిలో కాలు పెట్టలేకపోయాడు! నీళ్ళిచ్చేది కర్ర కాదు, మాట! పాట! స్తోత్రం!

ఆ మాట అంటున్నప్పుడు నలభైమంది చేతుల్లోనూ కర్రలున్నాయి. ఎవరూ నవ్వలేదు. నాకూ అప్పుడు తోచలేదు.

పొద్దు 4

ఈ పొద్దు సభలో పట్టిక చదివారు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను. కొండ మీద నీళ్ళంటే వలలకు పట్టిన మంచు నీళ్ళే. దిగువ బావులన్నీ ఉప్పెక్కి మూడు తరాలైంది. ఏ వరస ఎంత ఇచ్చింది, ఆ పొద్దు గాలేమిటి, పాట ఉందా లేదా, అన్నీ మేం రాస్తాం. గణనశాలలోని యంత్రం వాటిని నమూనాలో వేసి, దేనివల్ల ఎన్ని బిందెలు పెరిగాయో, ఎన్ని తగ్గాయో చెబుతుంది. గట్టిగా చెప్పగలిగిన అంకె పక్కన నక్షత్రం వేస్తుంది. నక్షత్రం చదవగానే సభలో గంట కొడతారు.

గణనశాల చూసుకునే నూకరత్నం చదివింది. "అంచు వరస. కోన కన్నా లోటు పదహారు బిందెలు. నక్షత్రం."

గంట మోగింది.

సభాపెద్ద సింహాద్రి లేచాడు. ఆయనా కోనపేట మనిషే, నా బోధకు ముందు వరసలో కూర్చునేవాడు. "చట్టం అందరికీ తెలిసిందే. కోన కన్నా పది బిందెలు, అంతకు మించి లోటున్న వరసను విప్పెయ్యాలి. వల కోనకి ఇవ్వాలి. ఋతువు చివర సభలో చేసేద్దాం."

వల లేని పేట నిలవదు. అంచుపేటలో ముప్పై ఒక్క గడప. వాళ్ళంతా దిగువ ఉప్పునీళ్ళలో తెప్పల మీద బతకడానికి దిగాలి. ఆ ఉప్పుగాలికి రొమ్ము పట్టేసి పెద్దవాళ్ళు రెండేళ్ళు కూడా బతకరు.

దీనమ్మ లేచింది. అంచు వరసకు పెద్ద ఆమె. మా అన్న ప్రకాశం భార్య, నాకు వదిన. మూడేళ్ళుగా నాతో మాటల్లేవు. సింహాద్రి వైపు చూడకుండా నా వైపే తిరిగింది.

"ఏటి మరిదీ, సల్లగా కూకున్నావు? నీ గంటే కదా మోగింది. మోగించుకో ఇంకోపాలి."

నేను ఊరుకుంటానా? "పాట ఆపేసింది ఎవరు వదినా? స్తోత్రం లేని చోట మంచు నిలుస్తుందా? రేపు పొద్దున్నుంచి పాడండి, మీ వరస నిండకపోతే నన్నడగండి!"

"పాడుతూనే కదా మీ అన్న జారిపోనాడు," అంది. అని కూర్చుంది.

నిజమే. మూడేళ్ళ కింద, మంచుకు నాచు పట్టిన బండ మీద నిలబడి అంచుపేట పాట నడిపిస్తూ మా అన్న జారి పడి చనిపోయాడు. ఆ బండ మీదే నిలబడి పాడించమన్నది నేను. ఆ పొద్దు నుంచి అంచులో పాట లేదు. పాట ఆపడం అవిశ్వాసమని సంఘం ఎదుట చెప్పి, ఆ పేటను సంఘం నుంచి తీసేసింది కూడా నేనే.

పొద్దు 5

కోన: 45. అంచు: 30.

గణనశాలకు వెళ్ళాను. ఋతువుకి మనిషికొక ప్రశ్న అడిగే హక్కుంది కదా, ఈసారి నాది వాడేద్దామని. అంచు లోటు పాట లేకపోవడం వల్లేనని యంత్రం నోటే చెప్పిస్తే, వదిన దిగివస్తుంది, పేట నిలబడుతుంది. నా ఆలోచన అదీ.

నూకరత్నం గాలిమర పళ్ళకు నూనె పెడుతోంది. విని, చేతులు తుడుచుకుంది.

"యంత్రానికి అది చెప్పడం చేతకాదు బోధకుడు గారూ."

"ఎందుకు చెప్పదు? గాడిద చేత కూడా మాట్లాడించాడు దేవుడు!"

"గాడిదకు తెలిసిన సంగతి కాబట్టి మాట్లాడింది. కోనలో మూడేళ్ళుగా పాట లేని పొద్దు ఉందా?"

"లేదు!"

"అంచులో పాట ఉన్న పొద్దు?"

"...లేదు."

"మరి కోన ఎక్కువిచ్చేది పాట వల్లో, కోన కాబట్టో యంత్రానికెలా తెలుస్తుంది? ఇద్దరు కవలల్ని ఒకే గదిలో పెట్టి తలుపేసి, ఏడ్చినవాడెవడో చెప్పమన్నట్టుంది. ఇంకోటి. మీ వాళ్ళు పాడుతూ గుంజలు తడతారు కదా, అంచువాళ్ళు పాటతో పాటే కర్రా మానేశారు. పుస్తకంలో పాటకు గడి ఉంది, కర్రకు లేదు."

"కర్ర తాళానికమ్మా!"

"మీ వాక్యంలో ఆ పట్టణం గోడలు కూలినప్పుడు బూరలు ఊదారు, కేకలేశారు, ఏడు దినాలు చుట్టూ నడిచారు. కూలింది దేనికని చెబుతారు?"

ఇరవై ఏళ్ళ బోధలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. కోపం రావాల్సింది. రాలేదు. చెవి వెనక ఈగ వాలినట్టు ఏదో దురద పట్టుకుంది.

"విడదీసే దారేమిటి?" అన్నాను.

"చీట్లు. నాలుగు రకాలు. పాట ఒక్కటే, కర్ర ఒక్కటే, రెండూ, ఏదీ లేకుండా. రెండు వరసలకీ ప్రతి పొద్దూ చీటీ తియ్యాలి. ఏది వస్తే అది చెయ్యాలి. నలభై పొద్దులు."

దేవుణ్ణి శోధించకూడదని వాక్యం. మరి కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచినవాడో? మొదటిరోజు మంచుకు బొచ్చు తడిసి నేల పొడిగా ఉండాలన్నాడు. రెండోరోజు నేల తడిసి బొచ్చు పొడిగా ఉండాలన్నాడు. అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగాడు. దేవుడు కోప్పడ్డాడా? రెండుసార్లూ జవాబిచ్చాడు. చీట్లు వేయడం కూడా వాక్యంలో ఉన్నదే.

పొద్దు 6

సింహాద్రి సులువుగానే ఒప్పుకున్నాడు. "చెయ్యండి అయ్యగారూ. పాట గెలుస్తుంది, అంచువాళ్ళ తప్పు అందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత వల విప్పినా ఎవరూ ఏడవరు." ఆ చివరి మాట నాకు నచ్చలేదు.

చీట్లు మొదలయ్యేలోగా నా ప్రశ్న రాసి, మైనం ముద్ర వేసి గణనశాలలో పెట్టాలి. పంట చూశాక ఇదే నాటానని చెప్పుకోవడం మన దగ్గర కుదరదు. పెద్దవాళ్ళకు నక్షత్రాల కరువు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు జనం యంత్రాన్ని వేల ప్రశ్నలడిగారు. అన్ని అడిగితే కొన్నిటికి ఉత్తినే నక్షత్రం పడుతుంది. పడినదల్లా చేశారు, సగం వలలు పాడుచేసుకున్నారు. ఒకరికొక ప్రశ్న అన్న కట్టు అప్పుడు వచ్చిందే.

నేను రాసి పట్టుకెళ్ళింది: "పాట వల్ల నీళ్ళు పెరుగుతాయి."

నూకరత్నం చదివి పలక వెనక్కిచ్చింది. "దీనికి మీ ప్రశ్న ఖర్చెందుకు? యంత్రం తనంతట తాను చేసేది అదే. పాట, కర్ర, వరస, ప్రతి అంకెనూ సున్నాతో పోల్చి నక్షత్రం వేస్తుంది. అది దాని అలవాటు. సున్నాతో కాకుండా ఇంకో దానితో పోల్చాలంటేనే మనిషి ప్రశ్న కావాలి."

"ఇంకో దానితో అంటే?"

"అది నేను చెప్పకూడదు. ఎవరి ప్రశ్నా నేను రాయనని ప్రమాణం చేశాను." మళ్ళీ నూనె గిన్నె తీసుకుంది.

పొద్దు 7

అంచుపేట ఎక్కాను. మూడేళ్ళ తర్వాత. వదిన వలలో చిరుగు కుడుతోంది. పీట వెయ్యలేదు.

"చీట్ల కోసం వొచ్చినావా? నాను పాడను. ముందే సెప్తన్నాను. కర్ర వొస్తే తడతాను, ఏదీ నేకపోతే కూకుంటాను. పాట వొస్తే నువ్వే ఎక్కి పాడుకో."

"సరే, నేనే ఎక్కుతాను. వదినా, ఈ వరస కోనంత ఇస్తుందంటావా?"

సూది ఆగింది. "కోన పేరుకే, ఉన్నది మిట్ట మీద, మాది వొంపులో ఉంది. మంచు ముందు దానికే తగుల్తాది. కోనంత ఎలగిస్తాది? ఇయ్యాలని ఎవుడన్నాడు? పది బిందెలు తగ్గకూడదన్నాడు, అంతే కదా చట్టం? మూడో నాలుగో తగ్గితే తగ్గుతాది. ఆ మాత్రానికి కొంపలు కూల్చుకుంటారేటి?"

అక్కడే నిలబడిపోయాను. పది! చట్టంలో రాసి ఉన్నది పది. సభలో మేమంతా వింటున్నది నక్షత్రం. నక్షత్రం చెప్పేది సున్నా కాదని మాత్రమే. ఒక్క బిందె లోటున్నా, గట్టిగా తెలిస్తే నక్షత్రం పడుతుంది, గంట మోగుతుంది. పాతికేళ్ళుగా గంట విని వలలు విప్పుతున్నాం. ఎన్ని వరసలు విప్పామో, ఎన్ని పేటలు దిగువకు దిగాయో!

పరుగున దిగాను. పలక మీద ఇలా రాశాను: "పాటా కర్రా రెండు వరసల్లోనూ సమానమైనప్పుడు, కోన కన్నా అంచు లోటు పది బిందెలకు తక్కువ."

నూకరత్నం చదివింది. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. కానీ ముద్రకు మైనం మామూలు కన్నా రెండింతలు పోసింది.

పొద్దు 8

కోన చీటీ: పాట ఒక్కటే. 32 బిందెలు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. కర్రలన్నీ ఒకచోట పోగుపెట్టించాను. నలభైమందిమీ చేతులు కట్టుకుని పాడాం. అంత బాగా ఎన్నడూ పాడలేదు. ఏడు చరణాలు! వల నిండా ముత్యాలు పొదిగినట్టు నీళ్ళు పట్టుకున్నాయి, పాటకు ఒక్కటీ రాలలేదు. నేను గొంతు పెంచాను. బరువెక్కినవి వాటంతటవే జారాయి తప్ప మిగతావి కదల్లేదు. సూర్యుడు వచ్చాడు. మా కళ్ళముందే మిగిలిన ముత్యాలన్నీ ఆవిరైపోయాయి.

"చలిగా ఉంది కాబట్టి," అన్నారెవరో వెనక నుంచి. నన్ను ఓదార్చడానికే.

అంచు చీటీ: కర్ర ఒక్కటే. 42 బిందెలు.

పొద్దు 15

అంచు చీటీ: పాట ఒక్కటే. 29.

అంచులో నేను ఒక్కణ్ణే నిలబడి పాడటం ఇది మూడోసారి. ఆ బండ మీదికి ఎక్కలేదు. కింద గట్టు మీదే నిలబడ్డాను. అంచువాళ్ళు తిరనాళ్ళలో ఎలుగుబంటిని చూసినట్టు చూశారు.

రెండో చరణంలో నా చెయ్యి నా మాట వినలేదు. ఎప్పుడు కర్ర అందుకుందో! గుంజను మూడుసార్లు తట్టేశాను. జలజలా రాలాయి. దోనెలో చప్పుడుకు ఉలిక్కిపడి కర్ర విసిరేశాను.

వదిన పగలబడి నవ్వింది. మూడేళ్ళలో మొదటిసారి. "పడిపోనాది! నీ స్తోత్రం ఎక్కడుందో దొరికిపోనాది మరిదీ, మణికట్టులో ఉంది!"

సిగ్గుపడి గణనశాలకెళ్ళి ఒప్పుకున్నాను. ఈ పొద్దు 'రెండూ' గడిలో వెయ్యనా అన్నాను.

"చీటీ ఏం చెప్పిందో ఆ గడిలోనే రాయండి," అంది నూకరత్నం. "మీకు నచ్చినట్టు గడులు మారుస్తూ పోతే ఇక చీట్లెందుకు? చెయ్యి జారిందని పక్కన రాయండి."

రాశాను. పైన చూడండి.

పొద్దు 24

కోన: ఏదీ లేదు, 31. అంచు: రెండూ, 43.

కోనలో గొణుగుడు పెరిగింది. కర్ర లేని ప్రతి పొద్దూ పదమూడు, పద్నాలుగు బిందెలు ఎండకు పోతున్నాయి. "మీ చీట్లకు మా గొంతులు ఎండుతున్నాయి" అని ఒకామె ఖాళీ బిందె నా గుమ్మం ముందు బోర్లించి పోయింది. నా వాటా ఆమెకిచ్చాను. నోరెండితే బోధ కూడా తగ్గుతుంది. సంఘానికి కొంత విశ్రాంతి.

నాకు మాత్రం ప్రతి పొద్దూ చీటీ విప్పడమంటే పెళ్ళికెళ్ళినంత ఆత్రం. ఇన్నేళ్ళుగా పొద్దున్నే లేచి, జవాబు ముందే తెలిసిన పని చేశాను. ఇప్పుడు తెలియని పని చేస్తున్నాను. తెలియకపోవడంలో ఇంత రుచి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

పొద్దు 31

ఇది రాయకుండా ఉండాలనుకున్నాను. రాస్తున్నాను.

గణనశాలకు వెళ్ళి నా ప్రశ్న మార్చుకుంటానన్నాను. యంత్రం ఇంకా లెక్క తియ్యలేదు, కానీ నా కళ్ళు తీశాయి. పాట ఓడిపోతోంది. సభలో అది చదివే వేళకు నా చేతిలో ఇంకో మాట ఉండాలనిపించింది. "కర్రతో పాటు పాట కూడా ఉంటే కర్ర ఒక్కదాని కన్నా ఎక్కువ" లాంటిదేదో. ఎటో ఒక వైపు నుంచి పాటను గెలిపించాలి. ఇరవై ఏళ్ళ బోధ అది. బోధ పోతే నాకు ఏం మిగులుతుంది? కర్ర పట్టుకున్న ముసలాడు.

నూకరత్నం నా పలక ఉన్న మైనం ముద్ర సంచి తెచ్చి నా ముందు పెట్టింది. "ముద్ర పగలగొడితే ఈ ప్రశ్న పోతుంది. పొద్దులు సగం దాటాక కొత్తది చెల్లదు. పగలగొడతారా?"

సంచి చేతిలోకి తీసుకున్నాను. బరువు లేదు. ముప్పై ఒక్క గడప, బరువు లేదు.

ఎడారిలో ఆ ముసలి నాయకుడు గుర్తొచ్చాడు. ఇన్నాళ్ళూ ఆయన కర్రతో కొట్టడమే చెప్పాను. నీళ్ళు వచ్చాయని చెప్పలేదు. సమృద్ధిగా వచ్చాయని ఉంది వాక్యంలో. జనం తాగారు, పశువులు తాగాయి. శిక్ష ఆయనకు పడింది, దాహం తీరింది మాత్రం అందరికీ.

సంచి బల్ల మీద పెట్టేసి వచ్చాను.

పొద్దు 47

ఆఖరి చీటీ. కోన: కర్ర, 46. అంచు: ఏదీ లేదు, 28. నలభై పొద్దులూ అయ్యాయి.

వదిన గుమ్మంలో మూటలు కట్టి ఉన్నాయి. "గంట మోగాక కట్టుకుంటే సేతులు ఆడవు," అంది.

పొద్దు 48

సభ. ఊరు ఊరంతా వచ్చింది. నూకరత్నం పట్టిక తెరిచింది.

"పాట. పెంపు అర బిందె. నక్షత్రం లేదు."

గంట లేదు. ఎవరూ నా వైపు చూడలేదు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

"కర్ర. పెంపు పదమూడు. నక్షత్రం." గంట.

"అంచు వరస. లోటు మూడున్నర. నక్షత్రం." గంట.

అంచువాళ్ళ వైపు నుంచి ఒక మూలుగు లాంటిది వచ్చింది. సింహాద్రి లేచాడు. "లోటు తగ్గింది, సంతోషం. కానీ నక్షత్రం పడింది. ఎప్పుడూ ఉన్న పద్ధతే. రేపు పొద్దున వల విప్పుదాం."

"ఇంకొకటుంది," అంది నూకరత్నం. "బోధకుడు ఆశీర్వాదం ప్రశ్న. ఏడో పొద్దు ముద్ర." మైనం అందరికీ చూపించి పగలగొట్టింది. నా పలక చదివింది. తర్వాత జవాబు చదివింది. "లోటు మూడున్నర. అటూ ఇటూ హద్దులు చూస్తే ఒకటిన్నర నుంచి అయిదున్నర దాకా. పది దరిదాపుల్లో కూడా లేదు. ప్రశ్న నిలిచింది."

"నిలవడమేమిటి?" సింహాద్రి గొంతు లేచింది. "నక్షత్రం పడిందా లేదా?"

"పడింది. లోటు సున్నా కాదని పడింది."

"మరి?"

ఇక నేను ఆగలేదు. బండ లేకపోతే బల్ల ఎక్కాను. "సున్నాతో మనకేం పని సింహాద్రీ? సున్నా మన పేటవాడా? సున్నాకి పిల్లనిచ్చామా? చట్టంలో ఉన్నది పది! వాక్యంలో సగం చదివి గంట కొట్టేవాణ్ణి ఏమంటాం? అబద్ధ బోధకుడంటాం! పాతికేళ్ళుగా యంత్రం ఒకటి చెబుతుంటే మనం ఇంకొకటి వింటున్నాం. లోటుందా అంటే ఉంది. పదిమందిలో పొట్టివాడు ఉండడా? పొట్టివాడని కొండ మీంచి తోసేస్తామా?"

"అయ్యగారూ, మీరు మా పేటవాళ్ళు," అన్నాడు సింహాద్రి మెల్లగా.

"నేను చట్టం పేటవాణ్ణి. చదువు, పైకి చదువు!"

చట్టం పలక గోడకే ఉంది. సింహాద్రి చదివాడు. పది అనే చదివాడు. అక్కడ ఇంకో అంకె లేదు. చెడ్డవాడు కాదు. వేళ్ళు మడుస్తున్నాడు. విప్పిన వరసలు లెక్కపెడుతున్నాడనుకుంటాను.

"అంచు వరస ఉంటుంది," అన్నాడు.

కోనపేట ముసలామె ఒకతె, బిందె బోర్లించి పోయినామే, అడిగింది: "మరి పాట సంగతేంటి బోధకుడా?"

బల్ల దిగాను. ఇది ఎక్కి చెప్పే మాట కాదు.

"యంత్రం పాట సున్నా అనలేదమ్మా. సున్నా కాదని చెప్పలేకపోయింది, అంతే. అర బిందె ఉందేమో, లేదేమో. ఆ సందులో దేవుణ్ణి దాచిపెట్టి రేపు మళ్ళీ బయటికి తీయొచ్చు. తియ్యను. పాట ఆపినందుకు అంచు ఎండిందని మూడేళ్ళు చెప్పాను. అంచు ఎండింది కర్ర ఆపినందుకు. కర్ర ఆపింది నా పాటలో మనిషి పోయినందుకు. నేను మీకు చెప్పింది తప్పు. వాళ్ళను సంఘం నుంచి తీసేయడం అంతకన్నా తప్పు. మా అన్నను ఆ బండ ఎక్కించింది నేను."

వదిన మూటలు విప్పాలని లేచి వెళ్ళిపోయింది.

పొద్దు 49

అంచు: 43. పాట: లేదు. కర్ర: ఉంది. రాసినవాడు: ఆశీర్వాదం.

పుస్తకంలో కర్రకు కొత్త గడి గీశారు. నేను కోన వదిలి అంచుకు వెళ్ళాను. సంఘంలో సగంమంది నాతో మాట్లాడటం లేదు. మిగతా సగం జాలిగా మాట్లాడుతున్నారు. మాట్లాడనివాళ్ళే నయం.

"ఎందుకొచ్చినావు?" అంది వదిన.

"కర్ర పట్టుకోవడానికి."

"నోరు మూసుకుని పట్టుకుంటావా?"

"మూసుకునే."

కర్ర ఇచ్చింది. పొద్దెక్కేదాకా తట్టాం. దోనె చప్పుడు తప్ప ఇంకేం లేదు. దిగివచ్చే ముందు ఇద్దరం కలిసి, మా అన్న నిలబడిన బండ మీది నాచు గీకేశాం. రెండు గంటలు పట్టింది.

పొద్దు 50

అంచు: 42. కర్ర: ఉంది.

పాట గడి దగ్గర కలం ఆగింది. ఇక దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఖాళీగా వదిలెయ్యొచ్చు. కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

మంచు దట్టంగా ఉంది. కంటికి చెయ్యి కనపడటం లేదు. నేను నోరు మూసుకునే తడుతున్నాను, ప్రమాణం. నాలుగో గుంజ దాటాక పాట వినపడింది. సన్నగా, కూనిరాగం లాగా. మా అన్న పాడే కీర్తన, రెండో చరణం నుంచి. నేను అందుకున్నాను. తర్వాత మంచులో ఎక్కడెక్కడి నుంచో ఇంకో పది గొంతులు కలిశాయి.

ఒక్క బిందె కూడా ఎక్కువ రాలేదు.

పాట: ఉంది. ఎవరు మొదలుపెట్టారో రాయడానికి ఈ పుస్తకంలో గడి లేదు.